మనీషా విందులో తీపి బల్ల

రేపల్లె,
సోమవారం మధ్యాహ్నం

మనీషా నాన్నగారికి,

ప్రభువు దయవల్ల ఇక్కడ నేను, అత్తయ్య, అమ్మాయి కులాసాగా ఉన్నాం. అంత ఎత్తున, ఆ మంచులో మీరూ అలాగే ఉండాలని పూటపూటా ప్రార్థన చేసుకుంటున్నాం. ఫోన్లు అందని చోట మిమ్మల్ని వేశారు గనక, పెళ్ళయిన కొత్తల్లోలా మళ్ళీ ఉత్తరాలు రాసుకుంటున్నాం. నాకైతే ఇదే బాగుంది. ఫోనులో సగం మాటలు "వినపడుతోందా" అనడానికే సరిపోయేవి.

మీరు అడిగినవి ముందు చెబుతాను. అత్తయ్య మోకాలు చాలా నయం, గుడికి నడిచే వస్తోంది. పెళ్ళి శుభలేఖలు అచ్చయ్యాయి, మీ పేరు ముందు సుబేదారు అని వేయించాను. మీ సెలవు మంజూరైందన్న వాక్యం దగ్గర అమ్మాయి ఉత్తరం చదవడం ఆపేసి ఇల్లంతా తిరిగి వచ్చింది.

ఇక క్యాండీ బఫే అంటే ఏంటి, భోజనానికి బదులు చాక్లెట్లు పెడతారా అని అడిగారు. కంగారు పడకండి. బిర్యానీ బిర్యానీయే, పెరుగన్నం పెరుగన్నమే. బాపట్లలో ఇరువైపులవాళ్ళం కలిసి చేసే విందులో, హాలు గుమ్మం పక్కన ఒక పొడుగాటి బల్ల వేస్తారు. దానిమీద గాజు జాడీల నిండా రకరకాల మిఠాయిలు, పక్కన చిన్న చిన్న కాగితం సంచులు. వచ్చినవాళ్ళు తమకిష్టమైనవి నింపుకుని వెళ్ళడమే. ఇది మన అమ్మాయి కోరిక. అత్తయ్య దానికి తీపి బల్ల అని పేరు పెట్టింది, ఇప్పుడు అందరం అలాగే అంటున్నాం.

తెనాలిలో డెకరేషన్ చేసే బ్రహ్మాజీ గారు ఫోనులో బొమ్మలు చూపించాడు. అన్నీ గులాబీ రంగు, తెలుపు. దూది ఉండల్లాంటివేవో పుల్లలకి గుచ్చి ఉన్నాయి.

"ఇప్పుడందరూ ఇవే పెడుతున్నారమ్మా. ఫొటోల్లో బాగా పడతాయండి" అన్నాడు.

"ఫొటోలకి బాగుంటాయి బాబాయ్, మరి తినడానికో?" అంది అమ్మాయి. "నాకు నిమ్మతొనలు కావాలి. జీళ్ళు, నువ్వుండలు, పల్లీ పట్టీలు, సోంపు బిళ్ళలు, కొబ్బరి లౌజు కావాలి. చివర్లో పీచుమిఠాయి చుట్టేవాడు ఉండాలి."

బ్రహ్మాజీ గారు కాసేపు తల గోక్కున్నాడు. తర్వాత ఆయనకే హుషారొచ్చింది. రంగు బల్ల వద్దు, అరిటాకులు పరిచి వాటిమీద జాడీలు పెడదాం అన్నాడు. నాకూ ఆ హుషారు అంటుకుంది. ఈ ఎండల్లో జీళ్ళు ముద్దయిపోతాయేమోనని ఒక సీసాలో పోసి డాబా మీద పెట్టి చూశాను. సాయంత్రానికి సీసా తిరగేసినా ఒక్కటీ రాలలేదు. అందుకని జీళ్ళని ఒక్కొక్కటీ కాగితంలో చుట్టాలని తీర్మానించాం. అత్తయ్య ఇప్పటినుంచే కత్తెర పట్టుకుని రంగు కాగితాలు కత్తిరిస్తోంది. బల్ల కాళ్ళ కింద నీళ్ళ గిన్నెలు పెట్టకపోతే చుట్టాలకంటే ముందు చీమలొస్తాయని హెచ్చరిక కూడా చేసింది.

ఇంతవరకూ ఉత్సాహంగా రాశాను. మీ ఉత్తరంలో చివరి మాటకి జవాబు మాత్రం ఇంకా రాయలేదు. అమ్మాయి జబ్బు సంగతి మగపెళ్ళివారి దగ్గర పొక్కనివ్వొద్దు, పెళ్ళయ్యాక నెమ్మదిగా చెబుదాం అని రాశారు. నేను చెప్పేశాను.

ఎలా జరిగిందో వినండి. పోయిన గురువారం మిఠాయిలు రుచి చూసి ఎంచుకుందామని తెనాలిలో కలుసుకున్నాం. మేం రేపల్లె బండిలో వెళ్ళాం, పెళ్ళికొడుకు ఫిన్నీ వాళ్ళమ్మ హెప్సిబా వదిన బాపట్ల నుంచి వచ్చింది. మా బండి ఆలస్యమైంది. అమ్మాయి ఇన్సులిన్ తీసుకుంది గానీ భోజనానికి వేళ మించిపోయింది. మిఠాయి కొట్లో నిలబడి నవ్వుతూ మాట్లాడుతున్నదల్లా ఉన్నట్టుండి మాట తడబడింది. చేతులు వణుకుతున్నాయి, ఒళ్ళంతా చెమట. స్టూలు మీద కూలబడి, చేతిలో ఉన్న నిమ్మతొనలు గబగబా నమిలేసింది. నేను కొట్టువాళ్ళనడిగి పంచదార నీళ్ళు తాగించాను.

వదిన బిత్తరపోయింది. "ఎండ దెబ్బా వదినా?" అంది.

అవునంటే సరిపోయేది. ఆ మాట నా నోటిదాకా వచ్చింది. కానీ ఆవిడ అప్పటికే తన పైట చెంగుతో అమ్మాయి నుదురు తుడుస్తోంది. అలాంటి మనిషితో అబద్ధం ఆడలేకపోయాను. పదకొండో ఏట నుంచీ మా పిల్ల ఇన్సులిన్ మీదే ఉందని, ఇప్పుడు షుగరు పడిపోయిందని చెప్పాను.

అమ్మాయి తేరుకుని వదిన వైపు తిరిగి, "ఫిన్నీకి మొదటి రోజే చెప్పానత్తయ్యా. పెద్దవాళ్ళకి మా నాన్న చెబుతారని ఆగాను" అంది. ఫిన్నీకి చెప్పిన సంగతి నాకూ అప్పుడే తెలిసింది.

వదిన కొట్లో పరిచిన మిఠాయిలన్నిటినీ ఒకసారి చూసింది. "మరి నీకెందుకే తల్లీ ఇన్ని మిఠాయిల బల్ల?" అని అడిగింది.

"నేను అసలు తినకూడదని కాదు, చూసుకుని తింటాను. కానీ నేను ఎవరింటికి వెళ్ళినా స్వీట్ల పళ్ళెం లోపలికి తీసేస్తారత్తయ్యా. పిల్లలు కూడా నన్ను చూసి చేతులు వెనక్కి పెట్టుకుంటారు. నా పెళ్ళిలోనైనా అందరూ నా ఎదురుగానే తినాలి."

ఇన్నేళ్ళూ ఇంట్లో స్వీట్లు దాచింది మనమే కదండీ. దాని మంచికే అనుకున్నాం.

మిఠాయిల సంగతి తేల్చకుండానే వదిన బాపట్ల బండెక్కింది. ఆ తర్వాత ఫోను లేదు. నేను చేస్తే ఎత్తలేదు. కత్తిరించిన కాగితాల కట్టని కనపడకుండా బీరువాలో పెట్టేశాను. ఒకసారి కాదు, చాలాసార్లు మీ మాట వినాల్సిందేమో అనుకున్నాను.

నిన్న ఆరాధన అయి ఇంటికొచ్చేసరికి ఆవిడ మన అరుగు మీద కూర్చుని ఉంది.

"కోపం మీ పిల్ల మీద కాదు వదినా. మావాడు తెలిసీ నాకు చెప్పలేదు, అందుకని వాడితో మాట్లాడటం మానేశాను, ఎవరి ఫోనూ ఎత్తలేదు. ఇవాళ పొద్దున వాడే కాఫీ పెట్టి తెచ్చి బతిమాలాడు" అంది.

ఆపైన అమ్మాయిని దగ్గర కూర్చోబెట్టుకుంది. "మా ఇంట్లో నువ్వు అలా పడిపోతే నేనేం చెయ్యాలో నేర్పు" అంది. అమ్మాయి షుగరు చూసుకునే మిషను తెచ్చి చూపించింది. వదిన ముందు తన వేలికే సూది గుచ్చుకుని, "అబ్బా, దీన్ని రోజుకిన్నిసార్లు గుచ్చుకుంటున్నావా" అని అమ్మాయి చేతులు రెండూ పట్టుకుని కూర్చుంది. అమ్మాయి నవ్వింది. నేను వంటింట్లోకి వెళ్ళిపోయాను, అక్కడ నిలబడి ఏడ్చాను.

భోజనాలయ్యాక తీపి బల్ల గురించి కూడా తేల్చింది. గుమ్మం పక్కన కాదట, పెళ్ళికూతురు కూర్చునే వేదికకి ఎదురుగా వెయ్యాలట. బ్రహ్మాజీ గారికి అప్పటికప్పుడు ఫోను చేసి చెప్పేసింది. ఇంకో జాడీ నిండా ఖర్జూరాలు కూడా పెట్టమంది.

వెళ్ళేముందు మీ గురించి ఒక్క మాట అంది. "మీరు చెప్పారు, పిల్ల చెప్పింది. కోటయ్య అన్నయ్య గారు కూడా నాకో మాట చెబితే బాగుండును. నాకు తెలియక కాదు. పిల్ల తండ్రి తన నోటితో చెప్పాలని."

నామీద కోప్పడతారేమో, కోప్పడండి. అది మీరు వచ్చాక చూసుకుందాం. మీరు కింది క్యాంపుకి దిగి, సిగ్నలు దొరికిన రోజున మొదటి ఫోను మాత్రం నాకు చెయ్యకండి. బాపట్లకి చెయ్యండి.

ఇట్లు,
మీ భార్య,
మనీషా అమ్మ
రాహేలు