తలుపు మీది గుడ్లగూబ

మంగళవారం, నవంబరు 2006

కైకలూరులో చేపల చెరువుల ఆసామి తన కొత్తింటి తలుపు మీద కొల్లేటి పక్షుల బొమ్మల్ని ఎర్రగా కాలిన మొనతో చెక్కను కాల్చి గీయమన్నాడు. గూడబాతులతోపాటు, నాకిష్టమని ఒక చెట్టు మాను మీద గుడ్లగూబనూ గీశాను. దాని ఈకలకే నాలుగు రోజులు పట్టింది.

ఇవాళ వాళ్ళమ్మగారు చూసి హడలిపోయారు.

"గుడ్లగూబ వాలితేనే ఇల్లు ఖాళీ చేస్తామండి. మీరేంటండీ, ఏకంగా తలుపు మీదే కూర్చోబెట్టేశారు?"

కాల్చిన గీత చెరగదు. ఇంకా నల్లగా కాల్చడమొక్కటే దారి. పొగకి కళ్ళు మండుతున్నా సాయంత్రం దాకా కూర్చుని దాన్ని చెట్టు తొర్రగా మార్చేశాను. దాని కళ్ళు మాత్రం ఆఖరున కాల్చాను.

"ఇప్పుడు బాగుందండి," అన్నారావిడ.

తలూపి వచ్చేశాను. వాదించే ఓపిక లేదు. మళ్ళీ గుడ్లగూబను గీస్తానో లేదో... పగటిపూట అది ఉండేది తొర్రలోనేనని ఆవిడకెవరూ చెప్పకపోతే చాలు.