అట్ట మీద పేరు

మే 13

నా పేరు హంపమ్మ. చదువు లేదు. నేను చెబుతుంటే పక్కింటి కృష్ణవేణమ్మ రాస్తోంది. ఆమె రిటైరైన అంగన్‌వాడీ టీచరు. ఈ నెల 27న కర్నూలు ఆస్పత్రిలో ఎంక్వైరీ. అంతలోపు ఒక్క ముక్క మర్చిపోకూడదు.

నర్సు శివజ్యోతి మా ఇంటాయనను చంపింది. ఆయాసమని చేర్చిన మనిషికి, పక్క మంచం ఆయనకు వేయాల్సిన షుగరు సూది వేసింది. ఏడో తారీఖు పొద్దున. చూడలేదు, అడగలేదు, పొడిచింది. తొమ్మిదిన ఆయన పోయాడు. దాని ఉద్యోగం ఊడితేగాని నాకు ముద్ద దిగదు.

మే 14

'చంపింది' అని రాయడానికి కృష్ణవేణమ్మ వెనకాడింది. పోయింది నీ మొగుడా, నా మొగుడా, రాయి అన్నాను. రాసింది.

మే 17

ఆ నర్సు పిల్లది రాయచోటి పక్క. ముప్పై దాటి ఉండవు. నేను వార్డులో ఉన్నన్ని రోజులూ అది కూర్చోగా చూడలేదు. ఒకసారి ట్రాలీకి ఆనుకుని కళ్లు మూసింది, అంతే. అరవై మంచాలు. అందరూ సిస్టర్, సిస్టర్ అని అరిచేవాళ్లే. అందరికంటే గట్టిగా అరిచింది నేను. ఏమ్మే, జీతం ఊరికే ఇస్తాండారా నీకు అన్నాను. వస్తాండా అవ్వా, నాకుండేది రెండు చేతులే గదా అంది. ఎదురు చెప్తుందని డాక్టరుకు చెప్పాను. డాక్టరు దాన్ని అందరి ముందర తిట్టాడు. నాకు సంతోషమైంది.

మే 20

కేస్ షీట్ జిరాక్స్ కోసం నేను, నా కొడుకు హనుమేష్ ఆస్పత్రికి పోయాం. వార్డు ఊడ్చే లేవి కనిపించాడు, నా ఈడువాడే. ఆ పాప ముందురోజు మధ్యాన్నం డ్యూటీ ఎక్కిందమ్మా, రాత్రి సిస్టరు రాల్యా, పొద్దున సిస్టరును వేరే వార్డుకు పంపిచ్చిరి, ఇంటికి పోతానంటే మెమో ఇస్తామనిరి, సూదేసేటప్పటికి పద్దెనిమిది గంటలు నిలబడే ఉండాది అన్నాడు. నువ్వు దాని తరఫా అన్నాను. నేను చీపురు తరఫు అన్నాడు.

పక్క మంచం నరసింహ ఇంకా అక్కడే ఉన్నాడు. మైదుకూరు మనిషి, షుగరుతో కాలికి పుండు. ఆయన భార్య నాగలక్ష్మమ్మ నన్ను పట్టుకుని ఏడ్చింది. అక్కా, మంచాలు మార్చుకుంటిమి గాని వాటికి తగిలిచ్చిన అట్టలు మార్చకపోతిమి గదా అంది. హనుమేష్ విన్నాడు. ఆదోని బస్సెక్కాక, ఎంక్వైరీలో మంచం మాట ఎత్తొద్దమ్మా అన్నాడు.

మే 21

ఈరోజు ఏమీ లేదు.

మే 22

రాయి కృష్ణవేణమ్మా. ఆరో తారీఖు సాయంత్రం. మా మంచం మీద ఫ్యాను తిరగదు. ఆయన ఉడికిపోతున్నాడు. నాగలక్ష్మమ్మకు నాలుగు జొన్నరొట్టెలు, చెనిక్కాయల పొడి ఇచ్చి వాళ్ల మంచం అడిగాను. ఎవరికీ చెప్పకుండా మార్చుకున్నాం. వార్డులో అందరూ చేసే పనే. కాళ్ల దగ్గర అట్ట వేలాడుతుంటుంది, దానికి మందులు రాసే కాగితాలు. ఆ అట్ట మంచానిది అనుకున్నాను. మనిషిదని నాకేం తెలుసు.

మే 23, పొద్దున ఏడు

ఇంకొకటి ఉంది. మొదటిరోజు 'అడగలేదు' అని రాయించాను. అబద్ధం. అడిగింది.

సూది చేతిలో ఉంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. అట్ట చూసింది, ఆయన మొహం చూసింది, ఆగింది. ఆయన మగతలో ఉన్నాడు. పేరేమవ్వా అని నన్ను అడిగింది. యాభై రెండేళ్ల కాపురంలో నేను ఆయన పేరు పలకలేదు. మా అమ్మ మా నాయన పేరు పలకలేదు. రేషన్ షాపులో కూడా హనుమేష్ నాయన అనే చెప్పాను. మొగుని పేరు ఆడది చెప్తుందా, ఆ అట్టలో ఉండాది చూసుకోపో అని కసిరాను. నిద్ర లేక దానికి ఒళ్లు తెలియడం లేదు, తెలిసి ఉంటే ఇంకోసారి అడిగేదేమో. అవతల నలుగురు అరుస్తున్నారు. సరేలే అవ్వా అంది. వేసింది.

కృష్ణవేణమ్మ పెన్ను కింద పెట్టింది. మొదటి రోజుది కొట్టేయమంటావా అక్కా అని అడిగింది. వద్దు, రెండూ ఉండనీ అన్నాను.

మే 27

శివజ్యోతి గోడవారగా నిలబడింది. కుర్చీ ఖాళీగా ఉన్నా కూర్చోలేదు. చనిపోయిన పేషెంటు పేరేమని ఆఫీసరు అడిగాడు. హనుమేష్ నోరు తెరిచాడు. వాడి చెయ్యి పట్టుకుని ఆపి, ఆయన పేరు నేనే చెప్పాను. నాలుక తడబడింది. మంచం మాట, అట్ట మాట, అది అడిగిన మాట, అన్నీ చెప్పాను. దాన్ని పద్దెనిమిది గంటలు నిలబెట్టినోళ్లు యాడుండారప్పా, వాళ్లను గూడా పిలువు అన్నాను. అది ఈ ఎంక్వైరీలోకి రాదు అన్నాడు. వేలిముద్ర వేయించుకున్నాడు.

బయట ఆ పిల్ల నా దగ్గరికి వచ్చింది. నిజంగా అడిగినానా అవ్వా, నాకు జ్ఞాపకమే లేదు అంది. అడిగినావు తల్లీ అన్నాను. ఎన్నిసార్లు అడిగినా అదే చెప్పాను.

బస్సులో హనుమేష్ వేరే సీటులో కూర్చున్నాడు.

జూన్ 4

లేవి ఫోన్ చేశాడు. ఆ పిల్లను తీసేశారు. ఇప్పుడు రెండు వార్డులకు ఒక్క సిస్టరేనంట.

నాకు ముద్ద దిగలేదు.

జూన్ 9

చిన్న ఈరన్న.

రాశావా కృష్ణవేణమ్మా? చదువు.

ఇంకోసారి చదువు.