రెండేళ్లే అన్నారు

సుభాష్‌పల్లి, ఖరగ్‌పూర్
బుధవారం

ప్రేమగల అమ్మకు,

ఫోనులో అయితే అరుస్తానని రాస్తున్నాను. పక్కింటి డయానక్క చేత చదివించుకో. రైల్వేవాళ్లు మన బస్తీ కూల్చేసి, మిమ్మల్ని ఆ సాలచెట్ల అడవి పక్క కాలనీలో దింపి అయిదేళ్లయింది. "రెండేళ్లే, తర్వాత ఇక్కడే ఇళ్లు కట్టిస్తాం" అన్నవాళ్లలో ఒక్కడూ ఇప్పుడు కనబడడు. నేను మాత్రం వర్క్‌షాపులో కాంట్రాక్టు పని వదల్లేక, ఒకడు లేస్తే ఇంకొకడు పడుకునే మంచం మీద ఇక్కడే ఉండిపోయాను.

మొన్న ఫోనులో చదివాను. కెనడాలో ఇనూయిట్లని మంచుదేశపు జనం ఉన్నారు. 1953లో అక్కడి ప్రభుత్వం కొన్ని కుటుంబాలను ఓడెక్కించి, చలికాలమంతా సూర్యుడు కనబడని ఉత్తరానికి తీసుకుపోయింది. వేట బాగా దొరుకుతుంది, నచ్చకపోతే రెండేళ్లలో వెనక్కి తెస్తామని మాటిచ్చింది. తేలేదు. కలిసి ఉంటామనుకున్న బంధువులను ఓడలోనే విడదీశారు. క్షమాపణ చెప్పేసరికి యాభై ఏళ్లు దాటాయి.

చదివినప్పటి నుంచి కడుపు మండిపోతోంది. వీళ్ల క్షమాపణ కోసం నేను కూర్చోను. మనిద్దరికీ ఇక్కడే గది అద్దెకు తీసుకున్నాను. కుళాయి నీళ్లు లోపలికే వస్తాయి. చర్చికి నడిచి పోవచ్చు. ఆదివారం బండి తెస్తాను. సిద్ధంగా ఉండు.

నీ కొడుకు
తీతు


సోమవారం

అమ్మా,

నిన్న నువ్వన్న మాట తలలోంచి పోవడం లేదు. బండి చూసి, "ఏట్రా, పెళ్లోరి సామాన్లకొచ్చినావా?" అని నవ్వావు. ఎక్కమంటే కదల్లేదు.

"అయిదేళ్లు మూటలు ఇప్పనేదురా, ఇయ్యాలో రేపో ఎనక్కి పంపుతారని. మొన్న వానల్లో ఏడుసుకుంటా ఇప్పినాను. గిన్నెలు గూట్లో ఎట్టుకున్నాను. మల్లీ కట్టమంటావేటి?"

"ఇక్కడ ఏముందని ఉంటావు?" అని అరిచాను.

"ఏటీ నేదు. ఆళ్లు నన్నడగనేదు. నువ్వయినా అడిగినావేటి?"

బెంగాలీ డ్రైవరు దాదా కిటికీలోంచి తల బయటపెట్టి, నిన్ను పిన్నిని చేసి, "మాసీమా రావడం లేదా?" అన్నాడు. నేను బండెక్కేశాను.

దారంతా నీమీదే కోపం. గది తలుపు తీశాక ఆ కోపం ఎటో పోయింది. లోపల నా దగ్గు నాకే గట్టిగా వినబడింది. నిజం రాస్తున్నానమ్మా. నీకోసమని చెప్పుకుని ఈ గది నాకోసమే తీసుకున్నాను. పని నుంచి వచ్చాక "తిన్నావురా?" అనే మనిషి లేక అయిదేళ్లుగా చచ్చిపోతున్నాను. ఆ సంగతి చెప్పడం చేతగాక అందరిమీదా అరుస్తున్నాను.

ఇప్పుడు అడుగుతున్నాను. వచ్చే ఆదివారం నేను రావచ్చా? ఆ రాత్రికి నీ ఇంట్లో పడుకోనిస్తావా? వద్దనుకుంటే వద్దనే రాయించు.

నీ
తీతు