గీత లోపల

మండికల్లు,
ఫిబ్రవరి 1961

రుక్మిణక్కకు,

నీ పెళ్ళితో మన టెన్నిస్ జోడీ విడిపోయాక నేనూ ఆట మానేసి అన్నయ్య ఇంటికి వచ్చేశాను కదా. ఇక్కడ వేళకు అన్నం పెడతారు, మర్యాదగా చూస్తారు. మద్రాసులో, కలకత్తాలో మనం ఆడిన ఆటల గురించి మాత్రం ఎవరూ అడగరు.

మొన్న రాగుల నూర్పిడి అయి కళ్ళం ఖాళీ అయింది. పేడతో నున్నగా అలికిన ఆ నేలను చూస్తే చేయి ఊరుకోలేదు. సున్నంతో కోర్టు గీసి, నడుమ తాడు కట్టి పాత చీర వేలాడదీశాను. కూలికి వచ్చే చిక్కమ్మ ముక్కున వేలేసుకుంది. "రాశి యాడుండాదమ్మా? రాశి లేకుండానే గీత గీసినావే!" అంది.

ఇక్కడ ధాన్యం రాశి చుట్టూ గీసిన గీతను ఎవరూ దాటరు. ఇది ఆట అని ఎంత చెప్పినా వాళ్ళకు గీత గీతే. చెప్పులు విడిచి బయటే నిలబడి చూస్తారు. లోపలికి రమ్మంటే, "తప్పమ్మా, దాటగూడదు" అంటారు. నేనే బంతి కొట్టి, నేనే అవతలికి నడిచి తెచ్చుకుంటాను.

నవ్వకు అక్కా, ఇప్పటికీ కుడి సగంలోనే నిలబడతాను. "ఆ ఎడమ పక్క ఎవురిదమ్మా?" అని నిన్న చిక్కమ్మ అడిగింది. మా అక్కది అన్నాను. ఈ పొద్దు నేను వెళ్ళేసరికి నీ సగంలోకి వచ్చిన కోళ్ళను గీత బయట నుంచే అదిలిస్తోంది.

ఉలవలు కళ్ళానికి వచ్చేలోగా ఒక్క పూట రా. మోకాలు నొప్పయితే ఆడొద్దు. గీత లోపల నిలబడు, చాలు.

నీ చెల్లెలు