చలిమిడి పట్టుకెళ్ళిన డబ్బా

1986 మార్చి 9

ఈవేళ గౌరి డబ్బా మీది ఇంగ్లీషు చదివింది. చదవకపోయినా బాగుండేది... కాదు, ఆరు వారాల కిందటే చదివి ఉండాల్సింది. తొమ్మిదో తరగతి మనవరాలు ఇంట్లో ఉండగా ఒక్కసారి అడగలేదు. నా బుద్ధి గడ్డి తిని.

రెండు డబ్బాలు తెచ్చాడు మా అబ్బాయి సూరి, వాడు పనిచేసే యార్డు పక్క తుక్కు దుకాణం నుంచి. నీలం రంగు, మూతకి ఇనుప కట్టు, బిగిస్తే చీమ దూరదు. ఒకటి పెరట్లో బొగ్గులకి. రెండోది నేనే తోమాను — బూడిద, చింతపండు, మీదున్న కాగితం ముక్కయినా మిగలకుండా గీకి గీకి. దాన్లోనే కూతురికి చలిమిడి పట్టుకెళ్ళాను. అప్పుడు చిన్నమ్మికి ఐదో నెల. కడుపు చల్లగా ఉండాలని.

బొగ్గుల డబ్బా మీద కాగితం ఇంకా ఉంది. గౌరి వేలు పెట్టి చదివింది. పొలాల్లో కొట్టే పురుగుల మందట. కింద చిన్న అక్షరాలు — తయారైన దేశంలో వాడడానికి కాదు, బయటి దేశాలకి పంపడానికే.

"వాల్లెందుకు వాడరే?"

"జహర్ హై దాదీ, ఇసీలియే."

ఈ హిందీ ఊళ్ళో పుట్టిన పిల్ల, తెలుగులో అడిగితే హిందీలో చెబుతుంది. ఈ మాటయినా తెలుగులో చెప్పొచ్చు కదా. విషం అని.

మార్చి 10

సూరి డ్యూటీ దిగి రాగానే అడిగాను.

"కడిగేసినావు కదే అమ్మా. కాళీ డబ్బాకి ఇసమేటి. మా మేస్త్రీ ఇంట్లో ఇలాటి దాన్లోనే నీల్లు తాగుతన్నారు. ఆడు గుర్రంలాగున్నాడు."

కడిగాను, నిజమే. మూడుసార్లు కడిగాను. కానీ మూత లోపల రబ్బరు చుట్టు ఉంది. దాని కింద చెయ్యి పెట్టలేదు. ఇప్పుడు పెరట్లో డబ్బాది ఊడదీసి చూశాను — తెల్లటి పొడి, పళ్ళపొడిలాగ... వేలు సబ్బుతో నాలుగుసార్లు కడుక్కున్నాను. అయినా అన్నం చెంచాతో తిన్నాను. కోడలు నవ్వింది. నవ్వుకోనీ.

చలిమిడి అయిపోయాక చిన్నమ్మి అత్తగారు ఆ డబ్బాలో బియ్యం పోసుకుంది. పోసుకోమన్నది నేనే. పురుగు పట్టదు వదినా, అని గొప్పగా చెప్పాను. పట్టలేదట కూడా. ఎలా పడుతుంది...

మార్చి 11

కాళ్ళు లాగుతున్నాయి. బెంగ పడితే నాకు ముందు కాళ్ళే లాగుతాయి. కుళాయి కూడా రాలేదు ఈవేళ.

మార్చి 13

పర్సుడీహ్‌లో చిన్నమ్మి అత్తారింటికి వెళ్ళాను. నిజం చెప్పాలనే బయల్దేరాను. రిక్షాలో మాటలన్నీ వరసగా పేర్చుకున్నాను. గుమ్మంలో చిన్నమ్మి ఎదురొచ్చింది, ముఖం నిండుగా, నడుం మీద చెయ్యి పెట్టుకుని. పేర్చుకున్నవన్నీ పడిపోయాయి.

"సూరి డబ్బా అడుగుతన్నాడు, ఏదో పనుందట" అన్నాను.

వియ్యపురాలు నన్ను కిందా మీదా చూసింది. "చలిమిడి తెచ్చిన గిన్ని కానుపు కాకుండా ఎనక్కి అడుగుతావేటి వదినా. మీ టెక్కలి వోల్లు ఇలగే సేత్తారేటి?"

నాకు తెలీదా. కడుపుతో ఉన్న పిల్లకి పుట్టింటి నుంచి నిండుగా వచ్చిన పాత్ర, పిల్ల పుట్టేదాకా గడప దాటకూడదు. మా అమ్మ నాకు చెప్పింది, నేను చిన్నమ్మికి చెప్పాను. ఇప్పుడు నా మాటే నాకు అడ్డం.

భోజనం చేసి వెళ్ళమన్నారు. చిన్నమ్మి నా ఎదురుగానే ఆ డబ్బా మూత తీసి, తవ్వతో బియ్యం కొలిచింది. తినకుండా ఏం చెప్పి లేవను... తిన్నాను. పక్కనే కూర్చుని అదీ తింది. ఇంకొంచెం వడ్డించుకుంది.

మార్చి 14

తలనొప్పి. బెంగదో, ఆ అన్నందో.

మార్చి 16

ఆదివారం. పక్క ఇంటి టీచరమ్మ చర్చి నుంచి వచ్చాక పిలిచి సంగతంతా చెప్పాను. ఆవిడ పేపర్లు దాచుకునే మనిషి. వెతికి తెచ్చి చదివింది.

"దేశాలన్నీ కూడి ఒక కట్టుబాటు రాసుకున్నాయండి పిన్నిగారూ. తమ దగ్గర వద్దనుకున్న మందు ఇంకో దేశానికి పంపేటప్పుడు, ఆ సంగతి వాళ్ళకి చెప్పాలట."

"పంపకూడదని కాదా?"

"కాదండి. చెప్పాలని."

"చెప్పకపోతే?"

"శిక్షలాంటిదేమీ రాయలేదు. మంచి నడవడి అనుకోవడమే."

ఒళ్ళు మండింది. వాళ్ళ పిల్లలకి పనికిరానిది మన పిల్లలకి పంపుతారు, చెప్పి పంపితే మర్యాదస్తులు. ఎవరికి చెబుతారు... ఢిల్లీలో ఒకాయనకి. ఆయన సంతకం పెట్టి సొరుగులో వేస్తాడు. తుక్కువాడికి ఎవరు చెబుతారు? సూరికి? పెరట్లో గొంతుక్కూర్చుని బూడిదతో కాగితం గీకే ముసల్దానికి?

అంట్లు తోముతూ అందరినీ తిట్టాను. ఆ దేశం వాళ్ళని, ఢిల్లీ వాళ్ళని, తుక్కువాణ్ణి. బొగ్గుల కుంపటిని కూడా.

సగంలో చెయ్యి ఆగిపోయింది. వాళ్ళు చెప్పాలట. మరి నేను? పంపింది నేను. ఇంటికెళ్ళి కూడా చెప్పకుండా వచ్చింది నేను.

మార్చి 17

డబ్బా వచ్చేసింది. అల్లుడు సైకిలు మీద కట్టి తెచ్చాడు. మూత తీస్తే నిండా బియ్యం.

"కాళీగా పంపితే మా ఇంటికి మంచిది కాదందత్తయ్యా మా అమ్మ. నిండుగా పంపింది. మల్లీ మాటనొద్దంది."

"ముందు దీన్లో ఉన్న బియ్యమో బాబూ?"

"గోనిలో పోసినాం. ఏం?"

ఏమీ లేదన్నాను. టీ ఇచ్చాను. వెళ్ళిపోయాడు.

ఎంత తెలివి నాది. డబ్బా నా దగ్గరికి వచ్చింది, దాన్లో బియ్యం అక్కడే ఉడుకుతోంది.

మార్చి 18

బియ్యం పూడ్చిపెట్టడానికి గొయ్యి తియ్యమంటే సూరి నా మీద లేచాడు. "బియ్యం పాతేత్తావా, మతుండే అంటన్నావా?" టీచరమ్మ కోళ్ళకి వేద్దామా అంటే వాటికి మాత్రం ప్రాణం లేదా. మూత మీద రాయి పెట్టాను.

తర్వాత వాడే నెమ్మదిగా అన్నాడు — "సిన్నమ్మికి సెప్పకు. సెప్పినావంటే, రేపు కానుపులో ఏటయినా నీ నెత్తినే ఏత్తారు."

నా లోపల ఉన్నదే వాడు పైకి అన్నాడు. ఇన్నాళ్ళూ నోరు నొక్కింది చిన్నమ్మి ముఖం కాదు. ఇదే. పిల్ల బాగా పుడితే ఎవరికీ ఏమీ తెలీదు. పుట్టకపోతే నేను...

రాయను.

మార్చి 19

నేనే తవ్వాను, గునపంతో. ముందు బియ్యానికి దణ్ణం పెట్టుకున్నాను. పూడ్చాను. డబ్బా అడుగున నాలుగు చోట్ల పొడిచాను, ఇంకెవరూ ఇష్టపడి పట్టుకెళ్ళకుండా. నడుం పడిపోయింది. గౌరి వచ్చి మట్టి తొక్కింది.

మార్చి 20

చెప్పాను.

వియ్యపురాలు "నువ్వూ తిన్నావు కద, నీకేటయింది" అంది. తర్వాత గోనె వైపు చూసింది. తర్వాత తనే దాన్ని వీధిలోకి ఈడ్చుకెళ్ళింది, నన్ను చెయ్యి వెయ్యనివ్వలేదు. ఆవు మూతి పెట్టబోతే అదిలించింది. ఆ గోనె పక్కనే నిలబడిపోయింది, లోపలికి రాలేదు.

చిన్నమ్మి అరుస్తుందనుకున్నాను. అరిస్తే నాకు తేలికయ్యేది. కూర్చుని పొట్ట మీద ఒక చెయ్యి వేసుకుంది.

"ఎన్ని పూటలు తిన్నానే అమ్మా?"

రెండో చేతి వేళ్ళ మీద లెక్కపెట్టడం మొదలెట్టింది. ఒక చెయ్యి చాలక మళ్ళీ మొదటికొచ్చింది. నేను ఆపలేకపోయాను.

మార్చి 21

ఆసుపత్రికి తీసుకెళ్ళాను. గౌరి బొగ్గుల డబ్బా మీది పేరు చీటీ మీద రాసిచ్చింది, పెద్ద అక్షరాలతో.

డాక్టరమ్మ చీటీ చదివింది. కనుబొమలు ముడిచింది. మందుని బట్టే పరీక్ష అంది. "పక్కా యహీ థా?" అని అడిగింది. ఖాయంగా ఇదేనా అని.

చీటీలో ఉన్నది బొగ్గుల డబ్బా పేరు. చిన్నమ్మి డబ్బా మీది పేరు నేనే గీకేశాను కదా. బూడిదలో పోయింది.

డాక్టరమ్మ ఎదురు చూస్తోంది. చిన్నమ్మి డాక్టరమ్మని చూడడం లేదు, నన్ను చూస్తోంది. ఇంకా మూడు నెలలుంది.

రెండూ ఒకటే రంగండీ, అన్నాను.