శీన ఫోనుకు వచ్చే కోడు

జూన్ 9, సోమవారం
నేను ఒంటరినైపోయానని బెంగళూరు నుంచి లాప్‌టాప్‌తో సహా వచ్చేసింది కడగొట్టు చెల్లెలు వాణి. ఇక ఇంటి నుంచే పని. ఆఫీసు కంప్యూటర్లలోకి పోవాలంటే వీపీఎన్ కలవాలట. కలవలేదు.
"నెట్ బాగనే ఉండాదక్కా. ఇదే లోపలికి రానీదు."

జూన్ 10
వీపీఎన్ తీసేసి మళ్లీ ఎక్కించింది. మిద్దె ఎక్కి, నిడుగల్లు కొండ వైపు తిరిగి, ఫోన్ నెట్ పెట్టి చూసింది — అదే తంతు.
"నీ దేవునికన్నా చెప్పక్కా. ఆఫీసోళ్లు పలికేట్టు లేరు."
నవ్వాను. తమ్ముడు శీన పోయాక ఇదే మొదలు.
శుక్రవారంలోగా కలవకపోతే వెనక్కి రమ్మన్నారట.

జూన్ 11
ఆఫీసతను ఫోన్ చేశాడు. వీపీఎన్‌లో తప్పు లేదట. ప్రతిసారీ కోడు పోతూనే ఉందట — ఉద్యోగంలో చేరినప్పుడు ఇచ్చిన నంబరుకు. ఆఫీసులో కూర్చుంటే కోడు అక్కర్లేదు, అందుకే ఇన్నేళ్లూ తెలియలేదు.
అప్పట్లో వాణికి ఫోన్ లేదు. శీన నంబరు ఇచ్చింది. మార్చాలంటే పది రోజులు.
శీన ఫోను... వాడు పోయిన పదకొండో రోజున ఆపేసి, పసుపు గుడ్డలో చుట్టి దేవుని గూట్లో పెట్టాను. ఏడాది తిరిగేదాకా తీయనని మొక్కు.
వాణి గూటి వైపు చూసింది. అడగలేదు.

జూన్ 12
మొక్కు ఒక సాకు. స్వామీ, నీకు తెలుసు.
ఒకప్పుడు మేం శెనక్కాయ వేసి, తర్వాత సోలార్ కంపెనీకి ఇచ్చిన చేలోనే, ప్యానెళ్లు కడుగుతూ, గుండెనొప్పి వచ్చి శీన నాకే ఫోన్ చేశాడు. జపంలో ఉన్నాను. మోగుతోంది... నూటెనిమిదీ అయ్యాక చూద్దామనుకున్నాను. అయ్యాక చేస్తే ఎత్తలేదు.
ఎవరికీ చెప్పలేదు. నా ఫోన్లో చెరిపేశాను. వాడి ఫోన్లో ఉంటుంది.

జూన్ 13, శుక్రవారం
దీపం పెట్టి, మూట విప్పి ఇచ్చాను. ఛార్జి ఎక్కాక కోడు వచ్చింది. వీపీఎన్ కలిసింది.
వాణి ఫోను కింద పెట్టలేదు.
"మూడుసార్లు చేసినాడు కదక్కా నీకు?"
"ఊఁ."
లాప్‌టాప్ వైపు తిరిగింది. అన్నానికి పిలిస్తే, తర్వాత తింటానంది.

జూన్ 16, సోమవారం
నంబరు మారేదాకా కోడు ఆ ఫోనుకే. నా పక్కనే పెట్టుకుంటున్నాను. ఇక్కడే ఉంటుందో, బెంగళూరు పోతుందో... వాణి చెప్పలేదు.
పొద్దున జపంలో ఉండగా మోగింది. యాభై మూడో పూస. మాల వదిలి లేచాను.
అంకెలు చదివాను. టైపు చేసింది. తల మాత్రం ఎత్తలేదు.