రేవు రాయి, నంబరు ఒకటి

కొత్త రేవుపల్లి, మే 2004

పద్మజ మేడం గారికి కురుమూర్తి నమస్కారాలు.

ఇక్కడ వడగాలి. పొద్దున్నే పత్తికట్టె పీకి కుప్ప వేసి, ఎండ ముదరక ముందే నదికి పోయాను. శ్రీశైలం నీళ్లు ఈసారి బాగా కిందికి పోయాయి. మునిగిన మా పాత ఊరి రేవు బయటపడింది. మెట్లున్నాయి. మా నాయనా నేనూ జనాన్ని పుట్టిలో నది దాటించి, దాన్ని కట్టేసిన రాయి కూడా ఉంది. తాడు రాసుకున్న గాడి ఇంకా పోలేదు. మళ్లీ నీళ్లు రాకముందే ఆ రాయి మాకు దక్కాలి. నాకు నిద్ర పట్టడం లేదు.

మీ ఆఫీసు వాళ్లు ఎర్ర రంగు డబ్బా, చేతియంత్రం ఇచ్చి, రాళ్లకు నంబర్లు వేయమని చెప్పి పోయారు. నంబర్లంటే మాకు తెలుసు. మీరు బెంగపడకండి.

ఇట్లు, పాత రేవు పుట్టి నడిపిన
కురుమూర్తి

తా.క.: భీమమ్మ వదిన తన రోలుకు కూడా నంబరు కావాలంటోంది. అది మునగలేదు, వంటింట్లోనే ఉంది.


హైదరాబాద్, మే 2004

కురుమూర్తి గారికి నమస్తే.

మీ ఉత్తరం ఆఫీసులో అందరం చదివాం. నీళ్లకింద ఉన్న పాత రేవులు, పడవలు, కట్టడాల వివరాలన్నీ కంప్యూటర్లో ఒకచోట చేర్చి, కావలసిన వాళ్లందరికీ ఇవ్వడం మా పని. జాబితాలో మీ రేవే మొదటిది. ప్రతి రాయికీ నంబరు, ఫోటో, అది ఉన్న చోటు పంపండి. యంత్రాన్ని రాయి మీద పెట్టి మీట నొక్కితే చోటు అంకెల్లో వస్తుంది. త్వరగా చేయండి, మీ రేవు కోసం చాలామంది చూస్తున్నారు.

మీ
పద్మజ

తా.క.: రోలుకు వద్దు.


కొత్త రేవుపల్లి, జూన్ 2004

మేడం గారికి,

మబ్బు పట్టింది, చినుకు లేదు. దుక్కి ఆపి అందరం ఈ పని మీదే ఉన్నాం.

ప్రాజెక్టు కట్టేటప్పుడు మా గుడిని ఈ ఊరికి తెచ్చారు కదా, దాని రాళ్లకు ఇట్లాగే నంబర్లు వేశారు. మా ఊరి పెద్ద రామచంద్రయ్య ఆ మాటే అన్నాడు: "నంబరు పడ్డదంటే ఇంగ ఏం జెయ్యాల్నో తెల్వదా? సర్కారు లారీ కోసం కూసుంటే నీళ్లొస్తయ్." ట్రాక్టరు తనే ఇచ్చాడు. రాళ్లన్నీ నంబరు ప్రకారం ఉన్నాయి. ఆడవాళ్లు పెట్టిన పసుపు కుంకుమ రాళ్ల మీద కనబడుతోంది. యంత్రాన్ని ఒకటో నంబరు రాయి మీదే పెట్టి మీట నొక్కాను. అంకెలు, ఫోటోలు ఇందులో ఉన్నాయి.

రుణపడిన
కురుమూర్తి

తా.క.: మెట్ల మీద కోళ్లు పడుకుంటున్నాయి. తోలినా పోవు.


హైదరాబాద్, జూలై 2004

కురుమూర్తి గారికి,

నది దాకా ట్రాక్టరు మీద వెళ్లి ఇంత పని చేసిన మీ అందరికీ కృతజ్ఞతలు. మీ అంకెలు జాబితాలో ఎక్కించి, అదే రోజు మిగతా ఆఫీసులకూ పంపేశాను. ఇక నిబంధన వర్తిస్తుంది: జాబితాలో రాసిన చోటు నుంచి ఒక్క రాయినైనా ఎవరూ కదిలించరాదు. మా పై అధికారులకు కూడా ఆ అధికారం లేదు. ఊర్లో చదివి వినిపించండి.

నీళ్లు వచ్చాక మా ఆఫీసు శ్రవణ్ కుమార్ గారు నీళ్లలో దిగి చూసే మనుషులను తీసుకుని పడవతో వస్తారు.

సంతోషంతో
పద్మజ

తా.క.: ఇరవై ఏళ్లు నీళ్లలో ఉన్నా పసుపు చెక్కుచెదరలేదు. దాని మీద పరీక్ష చేయించమని రాశాను. ఆ నీటికోళ్ల ఫోటో కూడా పంపండి.


హైదరాబాద్, ఆగస్టు 2004

కురుమూర్తి గారూ,

శ్రవణ్ కుమార్ ఫోన్ చేశారు. మీ అంకెలు చూసుకుంటూ పోతే పడవ తెచ్చిన లారీ మీ ఇంటి ముందు ఆగిందట. రేవు రాయికి మీ దూడ కట్టేసి ఉందట. మెట్లు ఎక్కితే పశువుల కొట్టం వచ్చిందట. నంబరు వేసింది రాసుకోవడానికి, మోసుకుపోవడానికి కాదు. రాయి ఉన్నచోటే ఉంటేనే ఆ వివరానికి విలువ. అన్నింటినీ వెంటనే పాత చోట పెట్టించండి.

పద్మజ

తా.క.: పసుపు పరీక్ష ఆపించాను.


కొత్త రేవుపల్లి, ఆగస్టు 2004

మేడం గారికి,

జూరాల గేట్లు ఎత్తారు. పాత రేవు మునిగింది. పత్తిలో కలుపు తీస్తున్నాం.

శ్రవణ్ సారు లారీ దిగి ఇటూ అటూ చూసి నీళ్లెక్కడ అని అడిగారు. భీమమ్మ వదిన చెంబుతో తెచ్చి ఇచ్చింది. ఆయన తాగి, చెంబు తిరిగిచ్చి, యంత్రం మళ్లీ చూసుకున్నారు.

మీ ఉత్తరం రాగానే రాళ్లు ఎత్తడానికి గడ్డపారలు తెచ్చాం. రామచంద్రయ్య ఆపాడు. మీ నిబంధన ఇంకోసారి చదివి, యంత్రం అంకెలు చూపించి అన్నాడు: "జాబితాల రాసిన చోటు గిదే. మేడం చెప్పినా కదిలియ్యొద్దు. పోలీసోళ్లు పట్టుకపోతరు." మీ ఉత్తరం వచ్చేదాకా ఇక్కడే ఉన్న శ్రవణ్ సారు కూడా రెండుసార్లు చదివారు. కాగితం మడిచి నాకే ఇచ్చారు. గడ్డపారలు లోపల పెట్టేశాం.

మీ బాధ నాకు అర్థమైంది. మర్నాడు వాళ్లను పుట్టిలో పాత చోటికి తీసుకుపోయాను. అక్కడ సారు మీట నొక్కుకున్నారు. రాయి ఒకప్పుడు అక్కడ ఉండేదని అది కూడా జాబితాలో రాసుకోండి. తిరిగొచ్చి పుట్టిని ఒడ్డుకు లాగాను. కట్టేయడానికి అక్కడ రాయి లేదు.

మీ
కురుమూర్తి

తా.క.: భీమమ్మ వదిన కోడలు వేరు కాపురం పెడుతూ రోలు అడిగింది. చూస్తే దాని మీద ఎర్ర రంగుతో నంబరు ఉంది. ఎవరు వేశారో తెలియదు. ఇక కదిలించరాదని వదిన చెప్పింది.

శ్రవణ్ సారు, ఆయన మనుషులు, పడవ మంగళవారం పొద్దున కోడేరు మీదుగా వెళ్లిపోయారు. కోడలు రోలు లేకుండానే మధ్యాహ్నం వెళ్లింది.